పెరుగు గిన్నెలో కిటికీ

మొన్న గ్యాసు బండ తెచ్చిన మనిషి కొత్తది బిగించి, ఖాళీది భుజాన వేసుకోబోతుంటే మా ఇంటావిడ అతన్ని ఆగమంది. చిన్న గ్లాసులో సబ్బు నురగ కలిపి తెచ్చి రెగ్యులేటర్ చుట్టూ, పైపు మొదట్లో, పొయ్యి దగ్గర వేలితో పూసింది. ఆ తర్వాత బండ ముందు కూర్చుని చూడసాగింది.

"ఏందమ్మా, బండకు తానం పోస్తున్నవా?" అన్నాడతను.

"జర ఆగు. బుడగ లేస్తదేమో సూస్తున్న."

"లీకయితే వాసన రాదా?"

"వాసన వచ్చినంక తెలుసుకునుడు తెలుసుకునుడు కాదంట. మా మేడం చెప్పింది."

అతను నా వైపు చూశాడు. నేను కూడా నురగ వైపే చూస్తున్నానని గమనించి, బండ దించి నిలబడ్డాడు.

ఆ మేడం సూర్యాపేటలో మా ఇంటి పై వాటాలో చాలా ఏళ్లు కిరాయికి ఉంది. రోజూ పొద్దున బస్సెక్కి కోదాడ వెళ్లి, అక్కడ డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి సాయంత్రానికి వచ్చేది. ఆమెది నడిగూడెం దగ్గరి ఊరు. గొర్లు కాచుకునే ఇల్లు. సెలవులు వస్తే మాత్రం ఊరికి పోయేది కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఒక పెద్ద ప్రయోగశాలకు పోయేది. ఎందుకని అడిగితే "గ్యాసు డిటెక్టర్ పని సార్" అనేది. వీధిలో వాళ్లకు అందులో మొదటి మాట ఒక్కటే అందింది. ఆ రోజుల్లో గ్యాసు కనెక్షన్ దొరకడం కష్టం. అందుకని వారానికొకరు మెట్లెక్కేవారు.

"మేడం, మా చెల్లెకొక కనెక్షన్ ఇప్పియ్యరాదు?"

"అది వంట గ్యాసు కాదక్కా."

"ఏ గ్యాసైనా మంచిదే. మంట వస్తది గదా?"

"మంట రావొద్దనే నా బాధ," అనేది ఆమె. వాళ్లు అర్థం కాక దిగిపోయేవారు.

నేను రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. సిగ్నల్ వేసిన తర్వాత కూడా కిటికీలోంచి తొంగి మళ్లీ చూసుకోవడం నాకూ అలవాటే. కానీ ఆమెను చూశాక నాది నిర్లక్ష్యమనిపించింది. తాళం వేసి మెట్లు దిగేది, గేటు దాకా పోయి వెనక్కి వచ్చి తాళం లాగి చూసేది. నీళ్ల పైపుకు చెవి ఆనించి వినేది. ఎవరింటికి భోజనానికి పిలిచినా ముందు వంటింట్లోకి వెళ్లి గ్యాసు బండ పక్కన కూర్చునేది. పిలిచినవాళ్లు మొదట నొచ్చుకునేవారు, తర్వాత తామే సబ్బు అందించేవారు. ఏ పని గురించి అడిగినా "అయింది" అనేది కాదు. "ఇప్పటికైతే అయింది సార్" అనేది. ఒంట్లో ఎలా ఉందమ్మా అంటే "ఇప్పటికైతే బాగనే ఉన్నది." వాన వెలిసిందా అంటే "ఇప్పటికైతే."

మా ఇంటావిడకు ఆ మాట నచ్చేది కాదు. "గట్లనకు బిడ్డా, నాకు గుండె దడదడ కొట్టుకుంటది" అనేది. అన్నా మేడం నోటికి వేరే మాట వచ్చేది కాదు.

ఆమె చేసే పనేమిటో నాకు సరిగ్గా తెలిసింది వాళ్ల నాయన వచ్చిన రోజు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, సంచిలో జున్నుపాలు. అరుగు మీద కూర్చుని, "ఇన్నేండ్ల సంది పోతున్నవ్ వస్తున్నవ్. ఆడ నువ్వు జేసే పనేందో గీ సారుకన్న చెప్పు, నేను ఇంట" అన్నాడు.

ఆమె ఆయన పక్కన కూర్చుంది. "మన మందల పక్కూరోళ్ల గొర్లు కలిసినయనుకో నాయనా. అన్నీ ఒక్క తూకమే. తూకమేసి మనయి ఏవో, వాళ్లయి ఏవో చెప్పగలవా?"

"తూకమెందుకే? మొఖం సూస్తె ఎరుకైతది."

"వాటికి మొఖాల్లేవు."

"చెవి కోసి గుర్తు పెట్టాలె. లేకుంటె రంగు పూయాలె."

"పూసే లోపల సచ్చిపోతయి. కొన్ని రెప్పపాటు గూడ ఉండవు."

ముసలాయన కర్ర కింద పెట్టాడు. గొర్రె చస్తుందంటే ఆయనకు అది కథ కాదు. "మరెట్ల?" అన్నాడు.

"అన్నిటినీ ఒక కాలువల దింపి ఉరికియ్యాలె. తూకం ఒక్కటే అయినా బొచ్చు ఒక్క తీరు ఉండదు గదా. బొచ్చు ఎక్కువున్నది నీళ్లల్ల ఎక్కువ కష్టపడతది, జల్ది అలిసిపోతది. తక్కువున్నది ముందుకు పోతది. ఏది యాడ అలిసిందో సూస్తె ఏ మందదో తెలుస్తది. నా డబ్బల గ్యాసే ఆ కాలువ."

తర్వాత నాకు విడిగా చెప్పింది. పెద్ద యంత్రంలో పరమాణువులను వేగంగా కొట్టి, ప్రకృతిలో నిలవని కొత్త రకాలను పుట్టిస్తారు. అవి రేడియోధార్మికమైనవి, పుట్టిన కాసేపటికే వేరొకటిగా మారిపోతాయి. కొన్ని ఎలక్ట్రాన్లు ఊడిపోయి విద్యుదావేశంతో ఉంటాయి కాబట్టి వాటిని అయాన్లంటారు, అయస్కాంతాలతో ఒక దారిలో నడిపించగలుగుతారు. అయితే కావలసిన వాటితో పాటు, అదే బరువున్న అక్కర్లేనివి కూడా కలిసి వస్తాయి. గ్యాసు డబ్బాలోంచి పోయేటప్పుడు ఒక్కో రకం ఒక్కో తీరుగా తన శక్తిని పోగొట్టుకుంటుంది. గ్యాసులో అది వదిలిన జాడను విద్యుత్తుగా పట్టుకుని కొలిస్తే ఏది ఏదో తేలుతుంది.

"ఇందులో అంత భయపడాల్సింది ఏముందమ్మా?" అని అడిగాను.

"కిటికీ సార్," అంది.

డబ్బాలో గ్యాసు ఉంటుంది. అయాన్లు వచ్చే గొట్టంలో గాలి కూడా లేని శూన్యం. రెండింటికీ మధ్య ఒక పల్చని పొర. దాన్నే ఆమె కిటికీ అనేది. అది ఏమాత్రం మందంగా ఉన్నా అయాన్లు అక్కడే అలిసిపోతాయి. పల్చగా ఉంటే గ్యాసు ఒత్తిడికి చినుగుతుంది. చినిగితే గ్యాసంతా గొట్టంలోకి దూసుకుపోయి, యంత్రం ఆగి, అందరి పనీ ఆగుతుంది. "మీగడ కంటె పల్చగుండాలె, గోడ లెక్క నిలబడాలె. అట్లాంటిది ఏదన్న ఉంటదా సార్?" అంది. అడగడం నన్నే అయినా జవాబు కోసం చూడలేదు.

చాలా ఏళ్లు ఇతరుల ప్రయోగాల్లో చేతిసాయం చేశాక, ఆమెకే సొంతంగా యంత్రం మీద కొద్ది రోజుల సమయం ఇచ్చారు. దసరా సెలవుల్లో. ఆ రోజుల్లో పని తేలకపోతే ఆ వరస ఇంకొకరిది. కోదాడ కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషికి రెండోసారి ఎవరూ ఇవ్వరని ఆమెకు తెలుసు. ఆమె పరిశోధనకు యూనివర్సిటీ ఇచ్చిన గడువు కూడా ఆ ఏడాదితో సరి.

కాలేజీలో తోటి అధ్యాపకుడొకాయన, కోదాడ వాడే, మా ఇంటికి వచ్చినప్పుడు నవ్వుతూ అన్నాడు: "ఏంటి మేడం, ఈసారన్నా ఆ గ్యాసు వెలుగుతుందా లేదా? వెలగకపోతే చెప్పండి, మా బావకి ఏజెన్సీ ఉంది." ఆమె కూడా నవ్వింది. ఆయన వెళ్లాక మెట్ల మీద కూర్చుని చేతులు చున్నీకి తుడుచుకుంటూనే ఉంది. చేతులకు తడి లేదు.

అక్కడికి పోయాక కిటికీలు చేసుకునే వ్యవధి ఉండదని, ప్రయోగశాల వాళ్లిచ్చిన పొరలతో ఇక్కడే తయారు చేసుకుంది. బట్ట మీద పూలు కుట్టేటప్పుడు బిగిస్తారే, ఆ చెక్క రింగులో పొరను బిగించి, ముడత లేకుండా లాగి, ఇత్తడి రింగు మీద జిగురుతో అంటించేది. ఫ్యాను వేసేది కాదు. చెమట పడుతుందని తలకు గుడ్డ కట్టుకునేది. చినిగినవి చినగగా రెండు మిగిలాయి. ఒకటి పూత లేనిది, పాలమీగడలా లేత తెల్లగా ఉన్నది. అదే బాగా కుదిరింది. రెండోదానికి అల్యూమినియం పూత ఉంది, తళతళలాడుతుంది. దానికొక మూల సన్నని ముడత ఉందని ఆమె అనుమానం. నాకు భూతద్దంతో చూసినా కనబడలేదు.

జిగురు ఆరే రోజుల్లో ఒక పొద్దున కిందికి వచ్చి మా ఇంటావిడను అడిగింది. "అమ్మా, రెండు మూడు దినాలు పోపు పెట్టకుండ్రి. నూనె పొగ పైకొస్తున్నది."

"పోపు లేని పప్పు దవాఖాన్ల పెడ్తరే."

"మీ కాళ్లు మొక్కుత."

"కాళ్లెందుకు గాని, నీ కిటికీ పాడుగాను, మీ సారు తింటడా అడుగు."

నేను తిన్నాను.

ఆ కిటికీలను ఎందులో పెట్టి తీసుకుపోవాలన్నది ఆమె చాలా ఆలోచించింది. అట్టపెట్టె అయితే నలుగుతుంది, తాళం వేసిన పెట్టె అయితే దొంగల కన్ను పడుతుంది. చివరికి మా ఇంటావిడ స్టీలు టిఫిన్ క్యారియర్ అడిగి తీసుకుంది. మూత మీద మా ఇంటావిడ పేరు చెక్కించి ఉంటుంది. పై గిన్నెలో తెల్లని దూది పరిచి దాని మీద తెల్ల కిటికీ, కింది గిన్నెలో తళతళలాడేది. "సద్దిగిన్నెను ఎవ్వరు ఎత్తుకపోరు సార్. పక్కన కూసున్నోళ్లు గూడ అన్నమున్నదని తన్నకుండ కూసుంటరు," అంది. అంత జాగ్రత్తగా ఆలోచించిన మనిషిని నేను చూడలేదు.

హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. విజయవాడ దాకా బస్సులో పోతే గుంతలకు కిటికీ నిలవదని, మిర్యాలగూడలో రైలెక్కుతానంది. అక్కడ నాకు తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని నేనూ బయల్దేరాను. బస్సులో క్యారియర్‌ను ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గాలిలోకి ఎత్తేది. పక్క సీటామె "పులుసు పొంగుతదనా?" అని అడిగింది. మేడం తలూపింది.

మిర్యాలగూడ ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు ఆగింది. తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చి వంటలు చేస్తున్న కాలం. అక్కడా అంతే. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద వంట గుండిగలు, పక్కన ఆడవాళ్లు వంకాయలు కోస్తున్నారు. ఒక పడుచువాడు బస్సెక్కి, "అందరు దిగాలె. తినందె ఎవ్వర్ని పోనియ్యం. మీ సద్దులు గూడ తెండ్రి, అన్ని కలిపి తిందాం" అన్నాడు కలుపుగోలుగా. రైలుకు వ్యవధి ఉందని నేను లెక్క చూసి చెప్పాను.

ఎండకు జిగురు మెత్తబడుతుందని క్యారియర్‌ను రోడ్డు కింది కాలువకు కట్టిన మోరీ గోడ నీడలో పెట్టి, ప్రయోగశాల వాళ్లకు ఫోను చేయడానికి రెండడుగులు పక్కకు జరిగింది. సిగ్నల్ సరిగ్గా అందక గట్టిగా మాట్లాడుతోంది. నేను బస్సులోంచి సంచులు దించుతున్నాను. మేమిద్దరం తిరిగి చూసేసరికి నీడలో క్యారియర్ లేదు.

విస్తర్ల వరస దగ్గర ఒక ముసలామె దాన్ని ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పై గిన్నె ఆమె చేతిలో ఉంది. చూపుడు వేలు పైకెత్తి చూసుకుంటోంది.

"ఈ పెరుగు ఎవలదే?" అంటోంది. "తోడుకున్నదా లేదా అని వేలు పెడితె పుటుక్కుమన్నది. గిదేం పెరుగు, లోపట దూదున్నది?"

అందరూ నవ్వారు. "ఉద్యమానికి దూది తెచ్చిన్రా మేడం? దెబ్బలు తగుల్తయని ముందుగాల్నే ఎరుకనా?" అన్నాడు ఆ పడుచువాడు.

మేడం పోయి ముసలామె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. గిన్నెలోకి చూసింది. తెల్ల కిటికీకి నట్టనడుమ వేలంత చిల్లు, అంచుల దాకా చీలిక. నేను ఆమె ముఖం చూడలేక ఆమె చేతుల వైపు చూశాను. అవి చున్నీని వెతుక్కుంటున్నాయి.

ముసలామె నవ్వు ఆగిపోయింది. "ఏమన్న ఖరాబు జేసిన్నా బిడ్డా?"

"లేదవ్వా. వట్టి కవరు. పారేసేదే."

"పారేసేది సద్దిగిన్నెల ఎందుకు పెడ్తరే?"

"మరిచిపోయిన."

ముసలామె నమ్మలేదు. తానే విస్తరి వేసి, అన్నం పెట్టి, వంకాయ కూర వేసింది. మేడం తిన్నది. ఒక్కో ముద్దా నీళ్లతో దిగింది. ముసలామె పక్కనే కూర్చుని, ఆమె విస్తరి ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

మళ్లీ బస్సు కదిలాక నేను మెల్లగా అడిగాను. "కింది గిన్నె కూడా తెరిచిందేమో. ఒకసారి చూద్దామా?"

"దుమ్ము పడతది సార్."

"రైలెక్కాక?"

తాళం రెండుసార్లు లాగి చూసే మనిషి, మూత మీద అరచేయి ఆనించి కూర్చుంది. "తెరిస్తె తెలుస్తది. చినిగిందని తెలిసినంక రెండ్రోజులు రైల్ల ఎట్ల కూసోవాలె సార్? ఆడికి పోయినంకనే సూస్త," అంది.

మిర్యాలగూడలో రైలు సమయానికే వచ్చింది. ఆమె కిటికీ పక్క సీట్లో ఒళ్లో క్యారియర్ పెట్టుకుని కూర్చుంది. రైలు కదిలితే చెయ్యి ఊపలేదు, చేతులు రెండూ దాని మీదే ఉన్నాయి.

ఇంటికి వచ్చి సంగతి చెప్తే మా ఇంటావిడ పొయ్యి దగ్గరికి పోయి, వేడెక్కుతున్న నూనె దించేసింది. ఆ పూట పప్పుకు పోపు లేదు. మర్నాడూ లేదు. "పైన ఎవరున్నారని?" అన్నాను. "మీరు ఊకోండ్రి," అంది. నేను యాభై ఏళ్లుగా రోజూ డైరీ రాస్తున్నాను. ఆ రోజుల పేజీల్లో వాన, కరెంటు, పెన్షన్ సంగతులేమీ లేవు. "ఫోను రాలేదు" అని మాత్రం ఉంది.

ఫోను వచ్చినప్పుడు చిన్న మాటే. "సార్, ఇప్పటికైతే ఉన్నది."

"కిటికీనా? చినగకుండా ఉందా?"

"ఉన్నది. గ్యాసు ఇంక నింపలే. రేపు నింపుతం."

అంటే ఇంకో రేపు. ముడత ఉన్నదని ఆమె అనుమానించిన కిటికీ అదే. ఒత్తిడి ఆ మూలనే పడుతుందేమో. మా ఇంటావిడ ఆ రాత్రి చారు కూడా పోపు లేకుండానే చేసింది. వీధిలో ఇద్దరు ముగ్గురు వచ్చి, "మేడం కనెక్షన్ పని ఏమాయె?" అని అడిగి పోయారు. వాళ్లకు కూడా ఏదో తెలిసినట్టే ఉంది.

మళ్లీ ఫోను దసరా వెళ్లిన తర్వాత వచ్చింది. చుట్టూ ఎవరో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఆమె గొంతు మాత్రం గుసగుసలాగా ఉంది. "తెర మీద చుక్కలు పడుతున్నయి సార్. ఒక్కో చుక్క ఒక్కో అయాన్. పొద్దటి సంది అన్నీ ఒక్కతాన్నే కుప్పగ పడ్డయి. గ్యాసు ఒత్తిడి జర మార్చినం. ఇప్పుడు రెండు మందలు. నడుమ ఖాళీ. మా నాయనకు చెప్పుండ్రి, రెండు మందలు విడివడ్డయని."

"కిటికీ?"

"ఇప్పటికైతే ఉన్నది."

నేను ఫోను పెట్టేలోపే వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి. ఇంగువ వాసన వీధి దాకా పోయింది.

ఆ పని మీదే ఆమెకు డాక్టరేటు పట్టా వచ్చింది. ఆ పట్టా చూసే ప్రయోగశాల వాళ్లు ఆమెను తమ దగ్గరికే తీసుకున్నారు. మరుసటి ఏడాది ఇల్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు మళ్లీ మిర్యాలగూడ రైలుకే బయల్దేరాం. ఈసారి కారులో. ఆ మోరీ దగ్గర ఆపమంది. ఊళ్లోకి నడిచి, వంట రోజు పెరుగు గిన్నెలో దూది చూసిన అవ్వ ఎవరని అడిగితే ఒక పిల్ల నవ్వుతూ ఇల్లు చూపించింది. ఆ కథ ఊరంతటికీ తెలిసినట్టుంది.

ముసలామె మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. మంచం మీంచి లేచి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "సద్దిగిన్నె పోరివి గదా నువ్వు. యాడికి పోయినవే ఇన్ని దినాలు? ఏడాది సంది నీ మొఖమే యాదికొస్తున్నది. గది పారేసేది కాదు. నాకు ఎరుకే. అన్నం నీ గొంతు దిగలే."

"పని అయ్యిందవ్వా. రెండోది ఉండె. దాంతోనే అయ్యింది. గది చెప్పిపోదామనే వచ్చిన."

"కింది గిన్నెలదా?"

"నువ్వు కింది గిన్నె గూడ తెరిచినవా?"

"ముందుగాల అదే తెరిచిన. వేలు పెట్టబోయిన గూడ. అండ్ల నా మొఖం కనబడ్డది. నడుమ ముడతలు, కొప్పు, అంతా నేనే. ఎవలో అద్దం పెట్టుకున్నరు, వేలు తగిలితె మసకైతదని మూతపెట్టి పై గిన్నె తీసిన."

రైలు సంగతి నేను గుర్తు చేయబోతుంటే మేడం వంటింటి వైపు చూసి, "అవ్వా, సబ్బు ఉన్నదా?" అంది.

"ఎందుకే?"

"ఇయ్యి."

ముసలామె సబ్బు బిళ్ల, గిన్నెలో నీళ్లు తెచ్చింది. మేడం వంటింట్లో గ్యాసు బండ ముందు నేల మీద కూర్చుని నురగ చేసి, పాత రెగ్యులేటర్ చుట్టూ వేలితో మెల్లగా పూసింది. ముసలామె కూడా పక్కనే కూలబడి, తల వంచి అందులోకి చూడసాగింది.

"ఏం కనబడ్తది బిడ్డా అండ్ల?"

"ఏం కనబడొద్దవ్వా."

ముగ్గురం చూశాం. బయట కారువాడు హారన్ కొట్టాడు. ఒక్క బుడగ కూడా లేవలేదు. అయినా ఆమె ఇంకొంచెం సేపు చూసింది.